నొప్పులు ఆగిపోయాక దొరికిన గడ్డ: పోర్ఫీరియా ఉన్నవారిలో లివర్ క్యాన్సర్ – విశాఖ నుంచి ఒక కేస్ స్టడీ

ఆవిడకు 57 ఏళ్లు. గాజువాక వైపు ఉంటారు. భర్త స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యారు. మందు అలవాటు లేదు, షుగర్ లేదు, హెపటైటిస్ బి, సి పరీక్షలు రెండూ నెగెటివ్. కాలేయం గట్టిపడలేదు. లివర్ క్యాన్సర్ అనగానే మేం వెతికే మామూలు కారణాల్లో ఒక్కటీ ఆవిడలో లేదు. అయినా కాలేయం కుడి భాగంలో 2.8 సెంటీమీటర్ల గడ్డ కనిపించింది, అది క్యాన్సరేనని బయాప్సీలో తేలింది. ఆవిడకు ఉన్న పాత జబ్బు ఒక్కటే, అక్యూట్ ఇంటర్మిటెంట్ పోర్ఫీరియా. ఆ జబ్బు తాలూకు నొప్పులు ఆగిపోయి అప్పటికి ఏళ్లు గడిచాయి.

ఆ కుటుంబం అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. పోర్ఫీరియా రోగులు మన దగ్గర తక్కువమందే కనిపిస్తారు. వాళ్లలో చాలామందికి డాక్టర్లు నొప్పి గురించి చెబుతారు, వాడకూడని మందుల గురించి చెబుతారు. కాలేయాన్ని ఆరు నెలలకోసారి చూపించుకోవాలని మాత్రం ఎవరూ చెప్పరు. ఆ ఒక్క మాట పదిమందికీ చేరాలన్నదే నా తాపత్రయం.

జబ్బు సంగతి

మన రక్తానికి ఎరుపు రంగునిచ్చే హీమ్ అనే పదార్థం ఎనిమిది మెట్లలో తయారవుతుంది. ఎక్కువ భాగం ఎముక మజ్జలో తయారైనా, కాలేయం కూడా తన అవసరాలకు హీమ్ తయారు చేసుకుంటుంది. ఈ ఎనిమిది మెట్లలో మూడో మెట్టు దగ్గర పనిచేసే ఎంజైమ్ సగానికి సగం తక్కువగా ఉండటమే అక్యూట్ ఇంటర్మిటెంట్ పోర్ఫీరియా. హెచ్‌ఎంబీఎస్ అనే జీన్‌లో లోపం దీనికి మూలం. మామూలు రోజుల్లో ఆ సగంతోనే పని నడిచిపోతుంది. ఉపవాసం, కొన్ని మందులు, నెలసరి హార్మోన్లు, ఇన్ఫెక్షన్, ఆల్కహాల్ లాంటివి తోడైతే కాలేయం మొదటి మెట్టును ఒక్కసారిగా పరుగెత్తిస్తుంది. మూడో మెట్టు ఆ వేగాన్ని అందుకోలేదు. దాంతో ఏఎల్‌ఏ, పోర్ఫోబిలినోజెన్ అనే రెండు పదార్థాలు పేరుకుపోతాయి. భరించలేని కడుపునొప్పి, వాంతులు, మలబద్ధకం, గుండె దడ, బీపీ పెరగడం, సోడియం పడిపోవడం, ముదిరితే కాళ్లూ చేతులూ చచ్చుబడటం, ఫిట్స్, ఇవన్నీ అక్కణ్ణుంచి వచ్చేవే.

ఇదే కోవలో వేరిగేట్ పోర్ఫీరియా, హెరిడిటరీ కోప్రోపోర్ఫీరియా, చాలా అరుదైన ఏఎల్‌ఏడీ లోపం కూడా ఉన్నాయి. నాలుగింటినీ కలిపి అక్యూట్ హెపాటిక్ పోర్ఫీరియాలు అంటాం.

ఆవిడ కథ

మొదటి నొప్పి 22 ఏళ్లకు, పెళ్లయిన కొత్తలో వచ్చింది. నెలసరికి నాలుగైదు రోజుల ముందు మొదలై, రెండు మూడు రోజులు మెలిపెట్టి వదిలేది. కడుపు నొక్కి చూస్తే మెత్తగానే ఉండేది. స్కాన్‌లో ఏమీ ఉండేది కాదు. 24 ఏళ్లకు ఒకచోట అపెండిక్స్ తీసేశారు, తర్వాత కూడా నొప్పి అలాగే వచ్చింది. గ్యాస్ట్రిక్ అన్నారు, టెన్షన్ అన్నారు, కోడలు పని తప్పించుకోవడానికి నాటకమాడుతోందని ఇంట్లో కూడా అన్నారు. ఈ జబ్బు ఉన్న ఆడవాళ్ల ఫైళ్లలో సగం కథ ఇలాగే ఉంటుంది. చదివిన ప్రతిసారీ మనసు కష్టపడుతుంది.

33 ఏళ్లప్పుడు కార్తీకమాసంలో ఆవిడ వరసగా సోమవారాలు ఉపవాసం ఉన్నారు. మూడో సోమవారం తర్వాత వచ్చిన నొప్పి వారమైనా తగ్గలేదు. చేతులెత్తి జడ వేసుకోలేకపోయారు. అప్పుడు చూసిన ఫిజీషియన్‌కు ఒక ఆలోచన వచ్చింది. మూత్రం పట్టిన ప్లాస్టిక్ డబ్బాను వార్డు కిటికీ గట్టు మీద ఎండ తగిలేలా పెట్టించారు. పొద్దున లేత పసుపుగా ఉన్నది, సాయంత్రానికి నేరేడుపండు రసంలా మారింది. ల్యాబ్‌లో పోర్ఫోబిలినోజెన్‌ను పట్టిచ్చే ఎర్లిక్ ద్రావకం కలిపితే వెంటనే ఎర్రబడింది. తర్వాత పోర్ఫోబిలినోజెన్ పరిమాణం బయటి ల్యాబ్‌లో కొలిపించి జబ్బును ఖాయం చేశారు. అసలు జబ్బు పేరు తెలియడానికి 11 ఏళ్లు పట్టింది.

ఈ పరీక్ష గురించి ఒక మాట. మూత్రం రంగు మారలేదని పోర్ఫీరియా లేదనుకోకూడదు. పోర్ఫోబిలినోజెన్‌కు రంగు లేదు. వెలుతురు తగిలి మారితేనే రంగు కనిపిస్తుంది. అందుకే ల్యాబ్‌కు పంపే శాంపిల్‌ను వెలుతురు తగలకుండా ఫాయిల్ చుట్టి పంపాలి, నొప్పి ఉన్నప్పుడే పట్టాలి. ఒక్కసారి పట్టిన మూత్రం చాలు, 24 గంటల కలెక్షన్ కోసం కాచుకొని కూర్చోనవసరం లేదు. ఫలితాన్ని క్రియాటినిన్‌తో సరిచూసుకుంటే సరిపోతుంది.

ఆ తర్వాత ఆవిడ జాగ్రత్తగా ఉన్నారు. ఉపవాసాలు మానేశారు, వాడకూడని మందుల కార్డు పర్సులో పెట్టుకున్నారు. ఏడాదికి ఒకటి రెండు నొప్పులు వచ్చినా గ్లూకోజ్‌తో తగ్గేవి. 49 ఏళ్లకు నెలసరి ఆగిపోయింది, దాంతోపాటు నొప్పులూ ఆగిపోయాయి. 50 దాటాక నా దగ్గరకు రావడం మానేశారు. తర్వాత ఎప్పుడో అడిగితే ఆవిడ అన్నది ఇదే: "నొప్పే లేదు కదా బాబూ, మరి దేనికి రావడం?"

న్యాయమైన ప్రశ్నే. కానీ ఈ జబ్బులో చిక్కంతా అక్కడే ఉంది. నొప్పులు వచ్చేది ఎక్కువగా 20 నుంచి 45 ఏళ్ల మధ్య. లివర్ క్యాన్సర్ ముప్పు పెరిగేది 50 దాటాక. రోగికి ఇక అంతా బాగైపోయిందనిపించే వయసులోనే కాలేయం మీద కన్నేసి ఉంచాల్సిన అవసరం మొదలవుతుంది.

మళ్లీ ఎందుకు వచ్చారంటే

వచ్చింది తన కోసం కాదు, కూతురి కోసం. 29 ఏళ్ల అమ్మాయి. మధురవాడలో కొత్త ఫ్లాట్ కొనుక్కున్నారు. గృహప్రవేశం రోజుకు ఇబ్బంది లేకుండా నెలసరి వాయిదా వేసే మాత్రలు మెడికల్ షాపులో కొని వేసుకుంది. ఐదో రోజుకల్లా కడుపునొప్పి, వాంతులు, నిద్ర లేదు. రెండుచోట్ల చూపించారు, స్కాన్‌లో ఏమీ లేదన్నారు. తల్లి మాత్రం కూతురు ముడుచుకుని పడుకున్న తీరు చూసి, "ఇది నాకొచ్చిన నొప్పే" అని నేరుగా తీసుకొచ్చేశారు. అమ్మాయి మూత్రంలో పోర్ఫోబిలినోజెన్ సాధారణ పరిమితికి పది రెట్లు దాటి ఉంది. జీన్ పరీక్షలో తల్లికున్న లోపమే కూతురికీ ఉందని తేలింది. ఈ జబ్బు తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా పిల్లల్లో ఒక్కొక్కరికీ వచ్చే అవకాశం సగం ఉంటుంది. లోపం ఉన్న అందరికీ నొప్పులు రావు, చాలామందికి జీవితాంతం ఏ ఇబ్బందీ ఉండదు.

ఆ వాయిదా మాత్రల్లో ఉండేది నోరెథిస్టిరోన్. అది ప్రొజెస్టిరాన్ తరహా హార్మోన్, పోర్ఫీరియాను రెచ్చగొట్టే మందుల్లో ముఖ్యమైనది. వ్రతాలకు, పెళ్లిళ్లకు, తిరుపతి ప్రయాణాలకు మన ఇళ్లలో ఈ మాత్రలు ఎంత సులువుగా వేసుకుంటారో అందరికీ తెలుసు. మాత్రల తర్వాత అంతుపట్టని కడుపునొప్పితో వచ్చిన అమ్మాయిని చూసే గైనకాలజిస్టులు ఒక్కసారి ఈ జబ్బును కూడా గుర్తుచేసుకోవాలని కోరుతున్నాను.

అమ్మాయిని వార్డులో చేర్చాక తల్లిని కూడా మంచం ఎక్కమన్నాను. ఆవిడ నవ్వి, "నాకేమైంది?" అన్నారు. బీపీ 150/90, బీపీ మందు వాడుతున్నారు. రక్త పరీక్షలో క్రియాటినిన్ 1.4, లెక్క కడితే కిడ్నీల పనితీరు (ఈజీఎఫ్‌ఆర్) 44 దగ్గర ఉంది, అంటే బాగా తగ్గినట్టే. పోర్ఫీరియా ఏళ్ల తరబడి ఉన్నవారిలో బీపీ, కిడ్నీ దెబ్బతినడం కూడా మామూలే, దాన్నీ పట్టించుకోవాలి. లివర్ పరీక్షలు పూర్తిగా నార్మల్. లివర్ క్యాన్సర్‌ను పట్టుకోవడానికి వాడే ఏఎఫ్‌పీ అనే రక్త పరీక్ష 4, అదీ నార్మలే. ఈ రెండు రిపోర్టులే చూసి ఉంటే "అంతా బాగుంది" అని ఇంటికి పంపేసేవాళ్లం.

అల్ట్రాసౌండ్ చేస్తున్నప్పుడు ఎడమవైపు ఒత్తిగిలించి, గట్టిగా ఊపిరి తీసుకుని ఆపమన్నాం. పక్కటెముకల సందులోంచి ప్రోబ్ వాల్చి చూస్తే, కుడి కిడ్నీకి పైన, కాలేయం కుడి భాగంలోని ఆరో సెగ్మెంట్‌లో చుట్టూ సన్నటి నల్లటి అంచుతో గుండ్రటి మచ్చ. చుట్టూ ఉన్న కాలేయం నున్నగా, అంచులు పదునుగా ఉన్నాయి. కాలేయం గట్టితనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్‌లో 5.6 కిలోపాస్కల్ వచ్చింది, అంటే సిరోసిస్ (కాలేయం గట్టిపడి మచ్చకట్టడం) ఛాయలు కూడా లేవు.

క్యాన్సరని ఎలా తేల్చాం

సీటీలో ఎక్కించే రంగు మందు కిడ్నీలను దెబ్బతీయకుండా ముందూ వెనకా సెలైన్ పెట్టి, ఆ మందు కాలేయంలో పాకే ఒక్కో దశలో ఫోటోలు తీసే మల్టీఫేజ్ సీటీ చేయించాం. ధమని దశలో గడ్డ మెరిసింది, తర్వాతి దశలో చుట్టూ ఉన్న కాలేయం కన్నా మసకబారింది. సిరోసిస్ ఉన్న రోగిలో ఈ రెండు లక్షణాలూ కలిసి కనిపిస్తే బయాప్సీ లేకుండానే హెపటోసెల్యులార్ కార్సినోమా (కాలేయ కణాల్లో పుట్టే క్యాన్సర్) అని చెప్పేస్తాం. స్కాన్‌లో కనిపించిన కాలేయ గడ్డలను అంచనా వేసే లై-రాడ్స్ పద్ధతి అందుకు ఒప్పుకుంటుంది. కానీ ఆ పద్ధతి సిరోసిస్ లేదా దీర్ఘకాలిక హెపటైటిస్ బి ఉన్నవారి కోసం తయారైనది. ఆరోగ్యంగా ఉన్న కాలేయంలో అడినోమా లాంటి క్యాన్సర్ కాని గడ్డలు కూడా ఇంచుమించు ఇలాగే మెరుస్తాయి. మా రేడియాలజిస్టు ఆ విషయం రిపోర్టులో స్పష్టంగా రాశారు. అందుకే బయాప్సీ చేయించాం. గడ్డలోంచి ఒక ముక్క, పక్కనున్న కాలేయంలోంచి ఇంకో ముక్క తీశాం. మొదటిది బాగా డిఫరెన్షియేట్ అయిన (మామూలు కాలేయ కణాలను ఇంకా పోలి ఉండే) హెపటోసెల్యులార్ కార్సినోమా. రెండోదాంట్లో కొద్దిపాటి కొవ్వు ఉంది, ఫైబ్రోసిస్ (మచ్చకట్టడం) లేదు.

ఇలా సిరోసిస్ లేకుండా రావడం పోర్ఫీరియా క్యాన్సర్లలో తరచుగా కనిపించేదే. ఏఎఫ్‌పీ నార్మల్‌గా ఉండటం కూడా అంతే. కాబట్టి ఏఎఫ్‌పీ మీద భరోసా పెట్టుకుంటే ఈ రోగులు చేజారిపోతారు.

ఎందుకు వస్తుందన్నది పూర్తిగా తేలలేదు. ఏళ్ల తరబడి పేరుకున్న ఏఎల్‌ఏ ఆక్సిజన్ రాడికల్స్‌ను పుట్టించి డీఎన్‌ఏను దెబ్బతీస్తుందన్నది ఒక వాదన. కొందరి గడ్డల్లో పుట్టుకతో లోపం ఉన్న జీన్‌తోపాటు, రెండో కాపీ కూడా దెబ్బతిన్నట్టు కనిపించింది. అంటే ఆ కణాల్లో ఎంజైమ్ దాదాపు లేనట్టే.

ముప్పు ఎంతన్నది మాత్రం ఉత్తర యూరప్ దేశాలు చాలా ఏళ్లుగా లెక్క గడుతున్నాయి. స్వీడన్ ఉత్తర ప్రాంతంలో ఈ జబ్బు తరతరాలుగా ఎక్కువ. ఫిన్లాండ్, స్వీడన్ డాక్టర్లు 1980ల నుంచే తమ పోర్ఫీరియా రోగుల్లో లివర్ క్యాన్సర్ ఎక్కువగా ఉందని గమనించారు. 2022లో స్వీడన్ నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో 1200 మందికి పైగా అక్యూట్ హెపాటిక్ పోర్ఫీరియా ఉన్నవారిని, అదే వయసున్న సాధారణ ప్రజలతో పోల్చి చూశారు. పోర్ఫీరియా ఉన్నవారిలో నూటికి దాదాపు ఏడుగురికి లివర్ క్యాన్సర్ వచ్చింది. మిగతావారితో పోలిస్తే ముప్పు 38 రెట్లు. అవి వాళ్ల దేశాల లెక్కలు, మన దగ్గర అచ్చంగా అంతే ఉంటుందని నేననను. కానీ ఇంత తేడా కళ్లెదుట ఉన్నప్పుడు, మన లెక్కలు వచ్చేదాకా ఆగుదామనడం రోగికి చేసే మేలు కాదు. మన దగ్గర ఈ రోగుల్లో కొందరికి హెపటైటిస్ బి, ఫ్యాటీ లివర్ కూడా తోడవుతాయి, అది ఇంకా పెద్ద బెంగ.

మూత్రంలో పోర్ఫోబిలినోజెన్ ఏళ్ల తరబడి ఎక్కువగానే ఉన్నవారిలో, ఒకప్పుడు నొప్పులు బాగా వచ్చినవారిలో ముప్పు ఎక్కువ. అలాగని ఒక్క నొప్పీ రాకుండా జీన్ లోపం మాత్రమే ఉన్నవారిలో కూడా క్యాన్సర్ కనిపించిన సందర్భాలున్నాయి.

చికిత్స

వేర్వేరు విభాగాల డాక్టర్లు కలిసి కూర్చునే ట్యూమర్ బోర్డులో మూడు దారులు చర్చించాం. కాలేయ మార్పిడి చేస్తే గడ్డతోపాటు పోర్ఫీరియా కూడా పోతుంది. కానీ నొప్పులు లేని మనిషికి, ఆరోగ్యమైన కాలేయానికి, ఒక్క చిన్న గడ్డకు మార్పిడి పెద్ద భారం. సూదితో కాల్చడం కుదిరేదే, కానీ గడ్డ పెద్దపేగు మలుపుకు ఆనుకుని ఉంది. కోసి తీసేయడమే మంచిదని నిర్ణయించాం.

కోత కన్నా ఎక్కువ సమయం దానికి ముందు జాగ్రత్తలకే పట్టింది. మత్తు డాక్టరు గారితో కూర్చుని ప్రతి మందూ ఒక్కొక్కటిగా చూసుకున్నాం. థయోపెంటోన్, ఎటోమిడేట్ వద్దు. ప్రొపొఫాల్, ఫెంటానిల్ వాడొచ్చు. ఫిట్స్ వస్తే చేతికి అలవాటుగా దొరికే ఫెనిటాయిన్ వద్దు, లెవెటిరాసెటమ్ సిద్ధంగా పెట్టుకున్నాం. ఆపరేషన్ తర్వాత నొప్పికి డైక్లోఫెనాక్ వద్దని కేస్‌షీట్ పైనే ఎర్ర సిరాతో రాశాం, పోర్ఫీరియాకీ కిడ్నీకీ రెండింటికీ అది మంచిది కాదు. సల్ఫా మందులు అసలే వద్దు. ఇక ఖాళీ కడుపు సంగతి. ఆపరేషన్ రోజు మొదటి కేసు ఆవిడదే అయ్యేలా చూసుకుని, ముందురాత్రి నుంచే డెక్స్‌ట్రోజ్ డ్రిప్ మొదలుపెట్టాం. ఉత్త డెక్స్‌ట్రోజ్ ఎక్కువగా ఎక్కిస్తే ఈ రోగుల్లో సోడియం ఇంకా పడిపోతుంది, అందుకని సెలైన్‌తో కలిపినదే వాడాం. హీమ్‌ను నేరుగా అందించి అటాక్‌ను (నొప్పుల దాడిని) ఆపే హీమిన్ ఇంజెక్షన్ మామూలు ఫార్మసీలో దొరికేది కాదు. తెప్పించి చేతిలో పెట్టుకున్నాకే తేదీ వేశాం.

ఆపరేషన్ సాఫీగా జరిగింది. రెండో రోజు పొద్దున నర్సు పిలిచారు. నాడి 118, బీపీ 160/100, వికారం, కడుపంతా నొప్పి, సోడియం 127. కుట్ల దగ్గర రక్తస్రావం లేదు, పిత్తం కారడం లేదు. ఎర్లిక్ పరీక్ష ఎర్రగా వచ్చింది. అయితే ఆవిడకు బాగున్న రోజుల్లో కూడా పోర్ఫోబిలినోజెన్ ఎక్కువే ఉండేది కాబట్టి ఆ ఎరుపు ఒక్కటే సాక్ష్యం కాదు. బయటి ల్యాబ్ లెక్క వచ్చేసరికి రోజులు పడుతుంది. లక్షణాలు చూసి పోర్ఫీరియా అటాక్ అనే నిర్ణయించుకుని, కిలోకు 3 మిల్లీగ్రాముల చొప్పున హీమిన్‌ను అల్బుమిన్‌లో కలిపి, పెద్ద సిరలోకి రోజుకోసారి ఇచ్చాం. చిన్న సిరల్లో ఇస్తే అవి వాచి మూసుకుపోతాయి. మూడో డోసుకు నాడి 90కి దిగింది, ఆవిడే ఇడ్లీ అడిగారు. నాలుగు డోసులు పూర్తిచేసి ఆపాం. తర్వాత వచ్చిన ల్యాబ్ రిపోర్టులో పోర్ఫోబిలినోజెన్ ఆపరేషన్‌కు ముందున్న దానికి మూడు రెట్లు ఉంది.

గివోసిరాన్ గురించి కొందరు అడుగుతారు. కాలేయంలో మొదటి మెట్టు ఎంజైమ్‌ను అణిచే ఇంజెక్షన్ అది, నెలకోసారి ఇస్తారు, 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. మాటిమాటికీ నొప్పులు వచ్చేవారికి చాలా మేలు చేస్తుంది. ఖర్చు సామాన్యులకు అందేది కాదు. క్యాన్సర్ ముప్పును తగ్గిస్తుందని ఇంకా నిరూపణ కాలేదు, కాబట్టి ఆ ఇంజెక్షన్ తీసుకుంటున్నవారు కూడా స్కాన్ మానకూడదు.

ఎవరు, ఎప్పుడు చూపించుకోవాలి

అక్యూట్ హెపాటిక్ పోర్ఫీరియా ఉన్న ప్రతి ఒక్కరూ 50 ఏళ్లు నిండగానే ఆరు నెలలకోసారి కాలేయం అల్ట్రాసౌండ్ చేయించుకోవాలి. నొప్పులు ఉన్నా లేకపోయినా, లివర్ పరీక్షలు నార్మల్‌గా ఉన్నా సరే. ప్రపంచంలో ఈ జబ్బును ఎక్కువగా చూసే కేంద్రాలు చెప్పేదీ ఇదే. జీన్ లోపం ఉండి లక్షణాలు లేని బంధువులకు కూడా నేను ఇదే చెబుతాను. అల్ట్రాసౌండ్ విశాఖలోనే కాదు, అనకాపల్లి, విజయనగరం, శ్రీకాకుళంలో కూడా దొరుకుతుంది. రిక్వెస్ట్ ఫారం మీద "కడుపునొప్పి" అని కాకుండా "పోర్ఫీరియా, కాలేయంలో గడ్డ ఉందేమో చూడండి" అని రాయించుకోండి. దేనికోసం చూడాలో తెలిస్తే రేడియాలజిస్టు డయాఫ్రమ్ కింద ఉన్న మూలల్ని కూడా ఓపికగా చూస్తారు. ఒళ్లు లావుగా ఉండి అల్ట్రాసౌండ్‌లో సరిగా కనిపించకపోతే ఎమ్మారై అవసరమవుతుంది. ఏడాదికో పరీక్ష చాలని కొందరు అంటారు. రెండు సెంటీమీటర్ల దగ్గర పట్టుకున్న గడ్డకీ ఐదు సెంటీమీటర్ల దగ్గర పట్టుకున్నదానికీ ఎంత తేడా ఉంటుందో చూసినవాణ్ణిగా, ఆరు నెలల మాట మీదే నిలబడతాను.

ఆవిడ గడ్డ రిపోర్టులో అంచులు శుభ్రంగా ఉన్నాయి, సూక్ష్మ రక్తనాళాల్లోకి పాకలేదు. ప్రస్తుతం నాలుగు నెలలకోసారి స్కాన్ చేస్తున్నాం. ఇప్పటివరకు కొత్తగా ఏమీ కనిపించలేదు. అయితే ఇలాంటి కాలేయంలో వేరేచోట మళ్లీ గడ్డ పుట్టే అవకాశం ఉంటుంది కాబట్టి ఈ స్కాన్లు ఆగవు. కిడ్నీల కోసం బీపీ మందు మార్చాం. కూతురికి ఇప్పుడు నొప్పులు లేవు. వాడకూడని మందుల కార్డు ఫోటో తన ఫోన్‌లోనూ, భర్త ఫోన్‌లోనూ ఉంది.

ఆవిడ అన్నయ్య బొబ్బిలిలో ఉంటారు, 61 ఏళ్లు, ఎప్పుడూ ఏ నొప్పీ ఎరగరు. మందు అలవాటు ఉంది. జీన్ పరీక్షకు రమ్మంటే, "నాకేం రోగం?" అని చాలాకాలం రాలేదు. చివరికి చెల్లెలే వెళ్లి పిలుచుకొచ్చారు. పరీక్షలో అదే లోపం ఉందని తేలింది. మొదటి అల్ట్రాసౌండ్‌లో కొవ్వు తప్ప గడ్డ లేదు. మందు మానమని చెప్పాం, రెండోసారి స్కాన్‌కు తేదీ రాసిచ్చాం. ఆయన పిల్లలిద్దరి శాంపిల్స్ కూడా ల్యాబ్‌కు పంపాం.